మగ్గం కింద అద్దం

ఆ చీరను మగ్గం మీది నుంచి కోసింది నేనే. కత్తెర నా చేతికిచ్చి తిమ్మప్ప పెద్దనాయిన గోడకు ఆనుకొని నిలబడ్డాడు. రెండు నెలలుగా కట్టెకు చుట్టుకుంటూ వచ్చిన బట్టను విప్పి, చాప మీద పరిచి, మంచివైపు పైకి వచ్చేట్టు తిరగేశాం. గద్వాల చీరను ఆ ఇంట్లో బోర్లా నేస్తారు. నేసేవాళ్ళకు కనిపించేదంతా వెనకవైపే. మంచివైపు కిందికి, మగ్గం గుంతలో ఉన్న మన కాళ్ళ దిక్కు చూస్తూ ఉంటుంది. అందుకని చీర ఎట్లా వచ్చిందో పూర్తిగా తెలిసేది కోసిన రోజే. చీర ఒళ్ళు గోధుమరంగు నూలు, అంచు ఎర్ర పట్టు, అంచు పొడుగునా జరీ హంసలు. చాలా దూరం హంసలు బాగానే నడిచాయి. చివరి మూరెడులో, కుడి అంచున, కొన్నింటికి మెడలు లేవు. తల ఉంది, ఒళ్ళు ఉంది, మధ్యలో మెడ ఉండాల్సిన చోట ఉత్త ఎర్ర పట్టు ఉంది.

తిమ్మప్ప పెద్దనాయిన గొంతుక్కూర్చొని బొటనవేలితో ఒక్కొక్క హంసను తాకుతూ లెక్కపెట్టాడు. "పదకొండు," అన్నాడు. ఆయన భార్య గోవిందమ్మ పెద్దమ్మ వంటింట్లోంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చూసి, "సాకు" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. నేను కత్తెరను తీసుకుపోయి గోడ గూట్లో పెట్టాను. ఆ గూట్లో ఉండాల్సిన అద్దం అప్పటికి పది రోజులుగా లేదు. బయట ఎవరో ఉప్పు అమ్ముకుంటూ పోతున్నారు. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. చాప అంచు మీద చీమలు పోతుంటే వాటిని చూస్తూ కూర్చున్నట్టు గుర్తు.

వాళ్ళు నాకు చుట్టాలు కారు, కులపువాళ్ళూ కారు. మాది ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లె. గుట్ట మీది కోట మా వాకిట్లోకి కనిపిస్తుంది. చిన్నప్పుడు మేకలు కాసిన మా నాయిన తప్ప మా ఇంట్లో ఎవరూ అది ఎక్కలేదు. భూమి లేదు. వానాకాలం ఊళ్ళో కూలి, పంటలయ్యాక మేస్త్రీ వెంట పూణే దిక్కు పోయి కట్టడాల దగ్గర పని, ఉగాదికి తిరిగి రావడం, ఇదీ మా అమ్మానాయినల ఏడాది. మేస్త్రీ మనుషులను జతల లెక్కన ఎంచుతాడు. మా తమ్ముడు ఎదిగొచ్చాడు కాబట్టి నేను కలిస్తే మా ఇంటి నుంచి రెండు జతలవుతాయి. ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పి ఇంట్లో ఉన్న నాకు అదే దారి అనుకున్నారు. గద్వాల దవాఖానలో ఆయాగా చేసే మా చిన్నమ్మ నన్ను తన గదిలో ఉంచుకొని, పిల్ల మగ్గం నేరుస్తుందని నాయినకు నచ్చజెప్పింది. నాయిన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "క్రిస్మస్ దాక చూస్త. గప్పటికి మగ్గం నీదైతే ఉండు. లేకుంటే పండుగ తెల్లారి బండెక్కు," అన్నాడు.

మగ్గం నాదవడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. తిమ్మప్ప పెద్దనాయిన ఇంట్లో రెండు మగ్గం గుంతలుండేవి. ఒకటి ఆయనది. రెండోది ఆయన తమ్ముడిది. తమ్ముడు మగ్గం దిగి ఆటో నడుపుకుంటున్నాడు. నూలు, పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే సేటు, ఆ రెండో మగ్గానికి సరుకు ఆపేస్తానన్నాడు. పెద్దనాయిన నా సంగతి చెబితే సేటు నన్ను పైనుంచి కింది దాకా చూసి, మా ఊరి పేరు అడిగి, మా వాళ్ళేం చేస్తారో అడిగి, ఒక్క చీర నేయించి చూపించమన్నాడు. బాగుంటే రెండో మగ్గం నడుస్తుంది, లేకుంటే గుంత పూడ్చుకోవాలి. నేను ఉంటానా పూణే పోతానా అన్నది ఆ ఒక్క చీర మీద ఆగింది. పోయిన పదకొండు మెడల సంగతి ఇదీ.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం, మొన్న ఎండాకాలంలో గోవిందమ్మ పెద్దమ్మ పోయింది. నాకు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి. తిమ్మప్ప పెద్దనాయిన కోడలి ఫోన్ నుంచి మాట్లాడాడు. "నీ వస్తువొకటి మా కాడ ఉన్నది. వచ్చి తీస్కపో," అన్నాడు. ఏ వస్తువో చెప్పలేదు. వనపర్తిలో కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి, నాగర్‌కర్నూల్‌లో విలేకరిగా చేసి, ఆ తర్వాత డెస్కులో కూర్చొని పదిహేనేళ్ళు వార్తల్లో బతికినదాన్ని. ఫోన్లో చెప్పని సంగతి కోసం బస్సెక్కడం నాకు కొత్త కాదు. వనపర్తిలో ఎక్కాను. పెబ్బేరు దాటాక బీచుపల్లి వంతెన మీద బస్సు నెమ్మదించింది. కృష్ణలో నీళ్ళు తక్కువగా ఉండి రాళ్ళు తేలాయి. పక్క సీటావిడ నదికి దండం పెట్టుకొని, నువ్వు పెట్టవా అన్నట్టు నా దిక్కు చూసింది. నేను కిటికీలోంచి రాళ్ళు చూశాను.

మొదట నేను మగ్గం ముట్టింది ఒక శిక్షణలో. ఎవరో సంఘం వాళ్ళు ఆడపిల్లలకు ఆరు నెలలు నేత నేర్పిస్తామని కోట దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకొని మగ్గాలు దించారు. నేర్పేది తిమ్మప్ప పెద్దనాయిన. వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది నేత ఇళ్ళ పిల్లలే. వచ్చిన పనినే మళ్ళీ నేర్చుకుంటూ, నా దిక్కు చూసి నవ్వుకుంటూ పొద్దుపుచ్చేవాళ్ళు. నిజంగా ఏమీ రానిదాన్ని నేనొక్కదాన్నే. నాలుగో నెలలో శిక్షణ ఆగిపోయింది. ఒకరోజు లారీ వచ్చి మగ్గాలు ఎత్తుకుపోయింది. పిల్లలందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. నేను గేటు దగ్గర నిలబడి ఉంటే పెద్దనాయిన నా మొహం కాకుండా నా కాళ్ళు చూసి, "చేతులు ఎవనికైనా ఒస్తయ్ బిడ్డా. నీకు కాళ్లున్నయ్. ఇంటికి రా," అన్నాడు. ఆ మాట అర్థం తర్వాత తెలిసింది. గుంతలో తొక్కుడు కట్టెలను పొద్దంతా ఒకే బరువుతో తొక్కాలి. బరువు మారితే బట్ట ఒకచోట బిగుసుకుంటుంది, ఒకచోట వదులవుతుంది. నాట్లేసిన కాళ్ళకు అది కష్టం కాలేదు.

వాళ్ళింట్లో పొద్దు గంజి వాసనతో మొదలయ్యేది. గంజి, తడి నూలు, పట్టు ఉడకబెట్టిన సబ్బు నీళ్ళు, మగ్గం కట్టెలకు పూసే పల్లీనూనె, ఇవన్నీ కలిసిన వాసన గోడలకే పట్టిపోయి ఉండేది. సాయంత్రం చిన్నమ్మ గదికి పోతే, నీ జడలోంచి గంజి వాసనొస్తుందనేది. ఆమె చీరలోంచి ఫినాయిల్ వాసన వచ్చేది. ఇద్దరం ఒక చాప మీద పడుకునేవాళ్ళం. పెద్దనాయిన లేవగానే రెండు గుంతల చుట్టూ నీళ్ళు చిలకరించేవాడు, నేల చల్లగా ఉంటే పోగు తెగదని. తర్వాత రేడియో పెట్టుకొని మగ్గం దిగేవాడు. 'మగ్గం ఎక్కడం' అని అందరూ అంటారు గాని ఆయన మాత్రం 'దిగుత' అనేవాడు. నిజమే, నడుము దాకా భూమిలోకి దిగడమే అది. గోవిందమ్మ పెద్దమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుట్టేది. పదకొండింటికి రాట్నం ఆగేది, రొట్టె తట్టిన చప్పుడు మొదలయ్యేది. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు. ఆ చప్పుడు విని పెద్దనాయిన అడ్డపోగు వేసే నాడె పక్కన పెట్టేవాడు. గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూడగా నేను చూడలేదు.

నాకు మొదటి రోజు ఒక స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చారు. తాగి కడిగి నా గుంత అంచున బోర్లించాను. రెండో రోజు కూడా అది అక్కడే ఉంది. అది నీ గ్లాసని ఎవరూ చెప్పలేదు. ఇంకెవరూ దాంట్లో తాగలేదు, అంతే. రొట్టె మాత్రం పెద్దమ్మ తన చేత్తోనే నా పళ్ళెంలో వేసేది, ఒకటి చాలంటే రెండోది వేసేది. ఈ రెండు సంగతులూ నాకు పక్కపక్కనే గుర్తున్నాయి. ఒకదాన్ని పట్టుకొని ఇంకోదాన్ని కొట్టెయ్యడం నా చేతకాదు.

గద్వాల నేతలో కష్టమంతా అంచు దగ్గరే. చీర ఒళ్ళు నూలు, రెండు అంచులూ పట్టు; మూడింటికీ మూడు నాడెలు. అడ్డం వేసిన ప్రతి పోగు దగ్గరా నూలు పోగూ పట్టు పోగూ ఒకదానిలో ఒకటి మెలిపడాలి. మెలి తప్పితే అంచుకూ ఒంటికీ మధ్య సందు వస్తుంది. మొదటి రెండు నెలలు పాత నూలు మీద నేర్చుకుంటున్నప్పుడు నా బట్ట నిండా సందులే. పెద్దనాయిన చూపుడువేలు ఒక సందులో దూర్చి కిందికి ఆడించి, "కిటికీలు మస్తు పెట్టినవ్. కట్టుకున్నామెకు గాలి మంచిగొస్తది," అనేవాడు. నేను గబగబా తొక్కితే, "జర మెల్లగ. అది ఎద్దు కాదు, అదిలించనీకె," అనేవాడు. తిట్టినట్టు ఉండేది కాదు. పోగు తెగితే వేలు తడి చేసుకొని పురిపెట్టి అతకడం, నాడెను విసరకుండా జారవిడవడం, పోగును బిగించే కొట్టు దెబ్బ కుడిచేతిది ఎడమచేతిది ఒక్కలాగే పడేట్టు చూసుకోవడం, ఇవి ఒక్కొక్కటి ఇరవైసార్లు చెడగొట్టాకే వచ్చాయి. చెడిపోయినచోట విప్పి మళ్ళీ నేయాలి. నేయడానికి పూట పడితే విప్పడానికి రెండు పూటలు పట్టేది. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. కోసిన బట్టకు సూది ముట్టించనిచ్చేవాడు కాదు. "మగ్గం మీద రానిది సూదితోని తేవద్దు. సూది పడితే గది దర్జీ పని," అనేవాడు. మిగతా ఇళ్ళలో చిన్న చిన్న తప్పులు సూదితో సర్దుకునేవాళ్ళు. ఆ ఇంట్లో లేదు.

గోవిందమ్మ పెద్దమ్మ రాయచూరు దిక్కు మనిషి. తెలుగు మా అందరిలాగే మాట్లాడేది గాని అలసిపోయినప్పుడు, కోపం వచ్చినప్పుడు కన్నడం దొర్లేది. మొదటివారంలో నేను కండె చుడుతుంటే "సాకు, సాకు" అంది. మనకు సాకు అంటే వంక. నేనేం వంక పెట్టాను పెద్దమ్మా అని అడిగాను. ఆమె రాట్నం ఆపి మరీ నవ్వింది. వాళ్ళ భాషలో చాలు అని అర్థమట. ఆ తర్వాత నేను పని ఎగ్గొట్టాలని చూసినప్పుడల్లా, "ఇది మీ సాకా, మా సాకా?" అని అడిగేది. ఆమెకు వస్తువులు దాచే అలవాటుండేది. చింతపండు, బీగం చెవులు, జరీ ముక్కలు, చిల్లర, ఏదైనా ఎవరికీ దొరకని చోట పెట్టి, తర్వాత తనకూ దొరక్క ఇల్లంతా తిరిగేది. జొన్నల కుండలో పెద్దనాయిన కళ్ళజోడు దొరికిన రోజు నేనక్కడే ఉన్నాను. ఒక మధ్యాహ్నం రొట్టె తింటూ నన్నడిగింది, ఇంటర్ మళ్ళీ రాయవా అని. మగ్గం దొరికితే ఎందుకు రాస్తానన్నాను. ఆమె మొగుడి మగ్గం దిక్కు చూస్తూ, "గా గుంతల కాలు పెట్టినోల్లు మల్ల బయటికొచ్చింది నేను సూడలే," అంది. మరిది ఆటో నడుపుతున్నాడు గదా అంటే, "వాని కాళ్లు ఇంక గుంతలనే ఉన్నయ్. బ్రేకు కూడా మగ్గం తొక్కినట్లు తొక్కుతడు," అని నవ్వింది.

ఇక అద్దం. అరచేయంత గుండ్రటి అద్దం, చుట్టూ పచ్చ ప్లాస్టిక్, వెనక గులాబీ పువ్వు బొమ్మ. బీచుపల్లి జాతరలో పెద్దనాయిన కొన్నది. గుంతలో కూర్చొని, ఎడమచేత్తో దాన్ని బట్ట కిందికి పట్టుకొని వంగి చూస్తే మంచివైపు కనిపిస్తుంది. హంసలతో పాటు మన ముక్కు కూడా కనిపిస్తుంది. పెద్దనాయినకు దాంతో అవసరం ఉండేది కాదు, నా కోసమే గూట్లోంచి తీశాడు. పొద్దు గుంకేముందు మగ్గం ఆపి అద్దంలో ఆ రోజు నేసినంతా చూసుకోవాలి, తప్పుంటే మర్నాడు విప్పాలి. సేటు చీర మగ్గం మీదికి ఎక్కాక నెలన్నర పాటు ఒక్క రోజు కూడా నేను అద్దం చూడకుండా లేవలేదు. మొదటి వారంలో మూడు తప్పులు దొరికాయి, రెండో వారంలో ఒకటి. ఆ తర్వాత దొరకలేదు. హంసలు ఒకదాని వెనక ఒకటి మెడలు నిక్కించుకొని పోతున్నాయి. చిన్నమ్మ ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి అద్దంలో చూసి, మన కులంలో ఎవరూ చేయని పని చేస్తున్నావని అంది. పెద్దనాయిన నాడెలో కండె మార్చుకున్నాడు. పెద్దమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది.

అమాస నాడు నేత ఆగుతుంది. ఆ ఇంట్లో అమాస నాడు అద్దం కూడా చూసుకోరు. ముందురోజు సాయంత్రమే పెద్దమ్మ ఇంట్లో అద్దాలన్నీ బోర్లించేది. క్రిస్మస్‌కు ముందు వచ్చిన అమాస మర్నాడు నేను పోయేసరికి గోడకున్న పెద్ద అద్దం మళ్ళీ తిరిగి ఉంది. గూట్లో చిన్న అద్దం లేదు. వెతికాం. పెద్దమ్మ కూడా వెతికింది, కుండలు దించి వెతికింది. అమాసకు తానే ఎక్కడో పెట్టానంది, గుర్తు రావడం లేదంది. పెద్దనాయిన బజారుకు పోయినప్పుడు కొత్తది తెస్తానన్నాడు, పోయాడు, మరిచిపోయి వచ్చాడు. "ఇంక మూరెడే గదా. చెయ్యికి తెలుస్తది తియ్," అన్నాడు.

ఇక్కడ నా తప్పు నేను రాసుకోవాలి. అద్దం బజార్లో దొరకని వస్తువు కాదు. చిన్నమ్మ గదిలో గోడకు ఒకటి ఉంది, మేకు నుంచి తీసి తెచ్చుకోవచ్చు. పక్కింట్లో అడగొచ్చు. నేను అడగలేదు, తెచ్చుకోలేదు. నెల రోజులుగా తప్పు దొరకలేదు కాబట్టి ఇంక దొరకదనుకున్నాను. అద్దం లేకుండా నేస్తే నేతగత్తెనైపోయినట్టే అని కూడా అనుకున్నానేమో. పది రోజులు అట్లా నేశాను. మగ్గం మీద అంచు బొమ్మకు పోగులెత్తే పెట్టె నుంచి దిగే సన్నటి దారాల్లో ఒకటి తెగి, మెడ దగ్గర లేవాల్సిన పట్టు పోగులు లేవలేదు. వెనకవైపు జరీ ఎప్పుడూ చిక్కులాగే ఉంటుంది. అందులో ఒక మెడ తక్కువైతే కంటికి తెలియదు. పైనుంచి చూస్తే అంతా బాగుంది.

చీర కోసిన రోజు, పెద్దమ్మ సాకు అని లోపలికి పోయాక, పెద్దనాయిన చీరను మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. సేటు దగ్గరికి ఉత్త చేతులతో పోయాడు. పిల్లకు రాలేదని చెప్పి, ఆ సరుకుకు బదులు ఇంకో చీర తానే నేసి ఇస్తానన్నాడట. చీర ఎందుకు చూపించలేదని నేను తర్వాత అడిగితే, "మెడల్లేని హంసలు మా మగ్గం మీదికెల్లి దిగినయని ఊరంత చెప్పుకోవాల్నా?" అన్నాడు. నేను నా గ్లాసు కడిగి గుంత అంచున బోర్లించి చిన్నమ్మ గదికి పోయాను. మర్నాడు పొద్దున బస్సెక్కాను. బయలుదేరేముందు వాళ్ళింటికి పోతే పెద్దమ్మ రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. అద్దం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటికి చేరాక నాయిన "అయిందా?" అన్నాడు. "కాలే," అన్నాను. పండుగ చేసుకున్నాం. చర్చిలో పాటలు పాడాను. తెల్లారి బండెక్కాం. జతలు సరిపోయాయని మేస్త్రీ సంతోషించాడు.

పూణేలో రెండు పని కాలాలు చేశాను. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇసుక జల్లెడ పట్టేటప్పుడు చేతులు నాడె జారవిడిచినట్టు కదిలేవి, తర్వాత అది కూడా పోయింది. రెండోసారి తిరిగొచ్చాక ఇంగ్లీషు రాసి పాసయ్యాను. దూరవిద్యలో డిగ్రీ చదువుతూ వనపర్తిలో ఒక పత్రికకు వార్తలు రాయడం మొదలుపెట్టాను. తర్వాత మన్ననూర్ అడవి ఊళ్ళ దాకా తిరిగాను, ఎందరి ఇళ్ళలోనో కూర్చొని వాళ్ళ మాటలు రాసుకున్నాను. గద్వాల చీరల మీద వార్త రాయమని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వేరేవాళ్ళకు అప్పగించాను. బతుకు చెడిపోలేదు. నేతగత్తెనైతే ఇంతకంటే బాగుండేదని గాని, ఇంతకంటే పాడయ్యేదని గాని నాకు అనిపించదు. పెద్దమ్మ నన్ను ఆ గుంతలోంచి తప్పించిందా, గెంటేసిందా, లేక చింతపండులాగా అద్దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయిందా అని మాత్రం అప్పుడప్పుడూ, బస్టాండులో కూర్చున్నప్పుడో పేజీ ప్రింటుకు పోయాకో, అనుకునేదాన్ని. ఎంత అనుకున్నా ఏ వైపుకూ మనసు కదిలేది కాదు.

గద్వాల ఇప్పుడు జిల్లా. రోడ్డు పొడుగునా చీరల దుకాణాలు, అద్దాల వెనక బొమ్మలకు చుట్టిన చీరలు, అన్నిటికీ మంచివైపే బయటికి. తిమ్మప్ప పెద్దనాయిన ఇంట్లో రెండు గుంతలూ లేవు. నాది ఆ ఏడాది ఉగాది లోపే పూడ్చారు, ఆయనది మోకాళ్ళు పోయాక. నేలంతా నున్నటి టైల్స్. నా మగ్గం ఉన్నచోట ఫ్రిజ్ ఉంది. కోడలు చల్లటి నీళ్ళు తెచ్చింది, గాజు గ్లాసులో, తనకూ ఒకటి పోసుకొని నా పక్కన కూర్చుంది. ఇంట్లో గంజి వాసన లేదు. ఏ వాసనా లేదు. పెద్దనాయిన మంచం మీద కూర్చొని, బస్సు ఎంతసేపు పట్టిందని అడిగాడు, మా నాయిన బాగున్నాడా అన్నాడు. పోయి నాలుగేళ్ళయిందని చెప్పాను. "మంచి మనిషి," అన్నాడు, ఆయనను ఎప్పుడూ చూడకపోయినా.

కోడలు పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అత్తమ్మ చీరలు చుట్టాలకు పంచుదామని తెరిస్తే అడుగున దొరికిందట. గోధుమరంగు నూలు, ఎర్ర అంచు. మడతల్లోంచి పచ్చ ప్లాస్టిక్ అద్దం జారి నా ఒళ్ళో పడింది. గులాబీ బొమ్మ సగం లేచిపోయింది. అద్దం మసకబారింది గాని పగల్లేదు. నేను చీర చివరి మూరెడు విప్పి, కుడి అంచు వెలుతురుకు పట్టుకున్నాను. మొదటి హంసకు మెడ ఉంది. సూదితో, సన్నటి జరీతో పోగులు ఏరి ఏరి కుట్టిన మెడ. మగ్గం మీద వచ్చిన మెడకూ దానికీ తేడా వేలితో తాకితేనే తెలుస్తుంది. రెండోదానికీ ఉంది.

పెద్దనాయినకు చూపించాను. ఆయన అప్పటికే చూశాడు. ఎప్పుడు కుట్టిందో తెలుసా అని అడిగాను. "తెల్వదు. నేనుండంగ ఆమె సూది పట్టింది నేను సూడలే. నేను అగ్గి మీద గుగ్గిలమైదును గద," అన్నాడు. అద్దం ఆమే దాచిందా అంటే, "ఎవరికి తెల్సు బిడ్డా. ఆమె దాసిన సింతపండు ఇంక దొరుకుతనే ఉన్నది," అన్నాడు. కోడలు నవ్వింది. ఆయనా కొద్దిగా నవ్వాడు.

నేను విలేకరి అలవాటు కొద్దీ ఇంకో రెండు ప్రశ్నలు అడిగాను. అట్లా సూదితో సర్దిన చీరను ఆనాడు సేటు ఒప్పుకునేవాడా అని. ఆయన అంచు మీద బొటనవేలు ఆనించాడు. "నేను ఒప్పుకోకపోదును. సేటు ఒప్పుకునేటోడే," అన్నాడు. పదకొండు మెడలు కుట్టడానికి ఎన్ని రోజులు పట్టేదని అడిగాను.

"ఆమె చేతికా? నాలుగు దినాలు," అన్నాడు.

కోసిన రోజు నుంచి బండెక్కిన రోజుకు నాలుగు దినాలే. ఆమె సూది ఆ నాలుగు దినాల్లో పట్టిందో, నేను పోయాక ఎప్పుడో పొద్దుపోక పట్టిందో ఆయనకు తెలియదు. ఎప్పుడు కుట్టిందో చెప్పే గుర్తేదీ అంచు మీద లేదు. ఆమె అన్న ఆ ఒక్క మాట మా సాకో, వాళ్ళ సాకో కూడా అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. చీరా అద్దమూ సంచిలో పెట్టుకొని సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

చీర ఇప్పుడు నా బీరువాలో ఉంది. కుడి అంచున ఆరు హంసలకు మెడలున్నాయి. ఏడోదానికి సగం దాకా ఉంది, సూది అందులోనే ఉంది, తుప్పు పట్టి పట్టుకు అంటుకుపోయింది. తర్వాతి నాలుగింటికీ లేవు.